మొక్కల ముచ్చట: సరుగుడు పళ్ళ లెక్క

బెసంట్ నగర్ ఇసుకలో పిల్లల ఆట ఒకటుంది. సరుగుడు పుల్లను గణుపు దగ్గర లాగి, మళ్ళీ అతికించి, "ఎక్కడ ఊడిందో చెప్పుకో" అంటారు. మనమూ ఆడినవాళ్ళమే గదా!

ఈ ఆట గుర్రపుతోక మొక్కతోనూ సాగుతుంది. అది నీలగిరి వాగుల ఒడ్డున కనబడుతుంది. 1759లో లిన్నేయస్ మన సరుగుడుకు పెట్టిన 'ఈక్విసెటిఫోలియా' అనే పేరుకు అర్థం గుర్రపుతోక వంటి ఆకులది అనే. పోలికంతా పైపైనే. గుర్రపుతోక ఫెర్నుల చుట్టం, దానికి పూవూ లేదు, విత్తూ లేదు. సరుగుడు పూచి కాచే చెట్టు.

అసలు చిక్కు సరుగుడుకూ సరుగుడుకూ మధ్యనే ఉన్నది. మా బావగారికి నెల్లూరు జిల్లాలో మూడెకరాల తోట. నర్సరీ అతను "ఇది జావా రకమండీ, కొట్టేస్తే మళ్ళీ చిగురిస్తుంది" అని మొక్కలు అమ్మాడు. నాలుగేళ్ళు పెంచి కాగితం మిల్లుకు కొట్టించారు. మోళ్ళకు నీళ్ళు కట్టి వానలదాకా ఎదురుచూశారు. ఎక్కడో ఒకటీ అరా తప్ప చిగురు లేదు. ఆ రెండో కోత మీదే అమ్మాయి పెళ్ళి ఖర్చు పెట్టుకున్నారు. మా అక్కయ్య ఇప్పటికీ ఆ మాట ఎత్తదు.

నేను వెళ్ళినప్పుడు గట్టున ఒక్క చెట్టు మిగిలి ఉన్నది. పుల్ల తుంచి భూతద్దం పెట్టాను. మనం ఆకు అనుకునే పచ్చని పుల్ల ఆకు కాదు, సన్నని రెమ్మ. గణుపు చుట్టూ పళ్ళలాగా నిలిచే పొలుసులే దాని ఆకులు. గణుపు దగ్గర మెల్లగా ఊడదీస్తే లెక్కకు వస్తాయి. ఏడు. ఇంకో గణుపున ఎనిమిది. అంటే మన సముద్రపొడ్డు సరుగుడే! కొట్టాక అది సరిగా చిగురించదు. జావా కొండల జుంఘునియానాకు తొమ్మిది నుంచి పదకొండు పళ్ళుంటాయి. దాని మోడు చిగురిస్తుంది, వేళ్ళనుంచీ పిలకలు లేస్తాయి. దూరాన్నుంచి చూస్తే రెండూ ఒకటే.

ఒక్క గణుపుతో తీర్పు చెప్పకండి. పది పుల్లలైనా చూడాలి. కోయంబత్తూరు అటవీ పరిశోధన సంస్థవారు రెండింటినీ కలిపి సంకర రకాలు తీశారు. వాటి దగ్గర ఈ లెక్క తికమక పెడుతుంది. లేత మొక్కను నమ్మకుండా తల్లిచెట్టు పుల్ల అడగడం మేలు.

ఈసారి బావగారు భూతద్దం జేబులో వేసుకొని వెళ్ళారు. వేరే నర్సరీ. అక్కడి అతను ముందు నవ్వాడట, తరవాత పెరటిలోకి వెళ్ళి కొమ్మ విరిచి తెచ్చాడట. పది పళ్ళు వచ్చాయి. మూడెకరాలూ మళ్ళీ నాటారు.