తొలి యజమాని

శ్రీకాకుళం జిల్లా నుండి వెళ్ళి అండమానులో స్థిరపడిన మా అక్కయ్య కుమారునికి లారీ లైసెన్సు వచ్చింది. ఇద్దరు యజమానులు రమ్మన్నారట. ఒకరు ట్రిప్పుకింతని పెద్ద మొత్తమే చెప్పారు. రెండవవారిది నెలజీతం, అదీ తక్కువ. "ఏది మేలు, మావయ్యా?" అని ఫోనులో అడిగాడు. ఆంగ్ల నవలలు అనువదించుకునే నాకు లారీల సంగతేమి తెలుసును! దారి ఎటువంటిదని మాత్రం అడిగాను.

శ్రీ విజయపురం (2024 వరకు పోర్టు బ్లెయిరు) నుండి డిగ్లీపూరు పోయే ట్రంకు రోడ్డు జరావాల అడవి గుండా సాగుతుంది. ఆ భాగాన్ని మూసివేయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది వేరే కథ. జిర్కాటాంగ్ వద్ద నిర్ణీత వేళలలో, కాన్వాయిగానే వాహనాలను వదులుతారు. (ఈ మాటకు సరియైన తెలుగు నాకింకా దొరకలేదు.) గంటకు 40 కిలోమీటర్లు మించరాదు, ముందు బండిని దాటరాదు. అడవి ముగిశాక మిడిల్ స్ట్రెయిట్ వద్ద లారీతో సహా పంటు ఎక్కి బారాటాంగ్ చేరాలి.

"కాన్వాయి తప్పితే ఆ పూట నష్టమెవరిది? అడిగి రా" అన్నాను.

"వేళకు అందుకోవడం నీ పని" అన్నాడట మొదటి ఆయన. రెండవ ఆయన, "ఆరు నెలలు పాత డ్రైవరు పక్కన కూర్చో, తరువాత మాట్లాడదాం" అన్నాడట.

జీతం తక్కువని అక్కయ్యకు నా మీద ఇంకా కోపమే. మావాడు మాత్రం సోమవారం నుండి పాత డ్రైవరు పక్కన కూర్చుంటున్నాడు.