పాత కారు నిత్యోపయోగమునకు తగునా?

మదనపల్లె నుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె పెనిమిటి ఉపాధ్యాయులు. ఆయనకు పాత మోటారు బండ్లనిన మిక్కిలి మక్కువయట. ఎవరో యొక యపురూపమైన పాత కారును అమ్మజూపుచున్నారు. దానినే కొని అనుదినము బడికిని, బజారునకును, ఆమె పుట్టినింటికిని వాడుకొందమని ఆయన పట్టు పట్టియున్నారు. “ఉన్న సొమ్ము చాలదు. నా గాజులు నాలుగును అమ్మవలసి యుండును. కాదనిన ఆయన మనసు నొచ్చును, ఔననిన నాకు నిద్ర పట్టదు. ఏమి చేయుదును?” అని యామె యడిగినది.

ఈ పుటలలో మేము ఊరగాయలను గూర్చియు, పసిపిల్లల దగ్గులను గూర్చియు వ్రాయుచుందుము గాని, కారులను గూర్చి వ్రాయుట యిదియే మొదలు. ఐనను రెండేండ్ల క్రిందట మేమే యిట్టి బేరమునకు పోయి వచ్చినవారము. జరిగినది జరిగినట్లు చెప్పెదము.

మా అత్తగారు స్నానపు గదిలో జాఱిపడి తుంటి యెముక విఱుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స యైన పిమ్మట వారమునకు మూడు మాఱులు వ్యాయామ చికిత్సకు తీసికొని పోవలసి వచ్చెను. మాకున్నది స్కూటరు. తిరుపతిలో ఆటోలకు కొఱత లేదు గాని, ఆ మెట్టు నెక్కునపుడు ఆమె పండ్లు బిగబట్టుట చూడజాలక పోయితిమి. మేము చీటీ పాడి తెచ్చిన సొమ్ము లక్షా ఎనుబది వేలు గలదు. కారు కొనుటకు నిశ్చయించితిమి.

మా మామగారికి పూర్వము హెరాల్డు కారుండెను. మా వారు చిన్ననాడు దానిలో తిరిగినవారు. అది పోయి ముప్పది యేండ్లైనను, దాని పేరు చెప్పిన చాలు, ఆయన ముఖము వికసించును. కావున ఆయన అందఱివలె కారుల యంగడికి పోక, దళారి యొకడు ఫోనులో పంపిన ఛాయాచిత్రములను తెచ్చి మాకు చూపిరి. చిత్తూరు ప్రాంతపు తోటలో నున్న చిన్న కారు, మీగడ రంగు, ముచ్చటైన ముఖము. “ఫైబరు బాడీ, తుప్పు పట్టదు. కిట్ కారు మాదిరి. వింటేజి బండి” అని దళారి వ్రాసియుండెను. అది బెంగళూరులో తయారైన డాల్ఫిను.

కిట్ కారనగా, విడిభాగములుగా అమ్మగా కొన్నవాడు ఇంటిలో కూర్చుకొనునది. ఇంగ్లండులో 1957వ సంవత్సరమున లోటస్ వారు ‘సెవెన్’ అను చిన్న కారును తెచ్చి యిట్లు అమ్మిరి. పూర్తియైన కారుపై కొనుగోలు పన్ను గలదు, విడిభాగములపై లేదు. కూర్చు విధమును తెలుపు పుస్తకము నిచ్చినచో పన్ను పడునని, విప్పు విధమును తెలుపు పుస్తకము నిచ్చి, దానిని వెనుకనుండి చదువుకొనుడనిరని చెప్పుదురు. పులిహోరను విడదీయుట నేర్చి పులిహోర వండినట్లున్నది! 1973లో పన్నుల పద్ధతి మాఱుటతో ఆ లాభము పోయినది. మన దేశమున నీ యాచారము వేళ్లూనలేదు గాని, దానికి దగ్గఱి చుట్టములు కొన్ని గలవు. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు ఒకటి. దాని బాడీ వేఱు, క్రింది ఇనుప ఛాసీ వేఱు. రెంటిని బోల్టులతో బిగింతురు. ఇంగ్లండులో పలువురు ఈ జాతి ఛాసీపైననే తమ కిట్ కారులు కట్టుకొనిరి. రెండవది, సిపాని వారు 1982లో బెంగళూరున చేయనారంభించిన డాల్ఫిను. ఇంగ్లండులోని రిలయంటు ‘కిట్టెన్’ అను కారు దీనికి మాతృక. ఇనుప ఛాసీపై గాజునార బాడీ, 848 సి.సి. అల్యూమినియము ఇంజను. మఱుచటి డిసెంబరులో మారుతి 800 వచ్చుటతో పాపము దీని గిరాకి సన్నగిల్లినది.

వైశాఖమాసపు టెండలో బయలుదేఱితిమి. మా వీథి చివర నున్న వృద్ధుడైన మెకానిక్కును బ్రతిమాలి వెంట తీసికొని పోతిమి. ఫియట్లు, అంబాసిడర్లు విప్పి బిగించుటలోనే ఆయన తల నెఱసినది. ఆ దినపు కూలి ఆయనకు ముందే యిచ్చితిమి. ఇది మా వారికి వృథా ఖర్చుగా తోచినది గాని మేము వినలేదు. చిత్తూరు దాటి పలమనేరు బాటలో నొక తోతాపురి తోట. డెబ్బది యేండ్ల యవ్వ మమ్ము చూచి ఎదురు వచ్చినది.

“రాండమ్మా, కూర్చోండి. కారు చూసేదానికి వచ్చినారంటనే. మజ్జిగ తాగినాంక చూద్దురు, అది యాడికి బోతుంది!”

ఆమె భర్త పోయి యేడాది. కుమారుడు దూరదేశమున నున్నాడు. ఇంటి పైకప్పు మరమ్మతునకు సొమ్ము కావలసి కారు నమ్మజూపినది. “మా ఆయన దీన్ని బిడ్డకంటే బాగా చూసుకునినాడు. బ్రోకరు మూడు లక్షలు పలుకుతుందంటా ఉండాడు. మీరు పెద్దామెను ఆస్పత్రికి తీసకపోయేదానికి అంటా ఉండారు, లక్షా డెబ్బై అయిదు ఇయ్యండి చాలు” అనినది. మా సొమ్మునకు సరిగా సరిపోవు ధర! మా వారు మావైపు చూచిన చూపు నేటికిని మఱవలేదు.

మెకానిక్కు మాత్రము కారు ముఖము చూడనేలేదు. గోనెపట్టా పఱచుకొని క్రిందికి దూఱి, స్క్రూడ్రైవరుతో ఛాసీని అంగుళ మంగుళము పొడిచి చూచెను. వెనుక చక్రపు పట్టీలు బిగించు చోట ఇనుము పొరలు పొరలుగా రాలినది, ఒక చోట స్క్రూడ్రైవరు ఇవతలినుండి అవతలికి పోయినది. పైన పటారము లోన లొటారము! ఫైబరునకు తుప్పు పట్టదనుట నిజమే. కాని అది క్రింది ఇనుమునకు పట్టిన తుప్పును కప్పిపెట్టును. ఇనుప బాడీయైనచో రంగు ఉబ్బి ముందే చెప్పును. తలుపు కీళ్ల చుట్టు సాలెగూటివంటి సన్నని పగుళ్లు గలవు. అచ్చట క్రింది పట్టు సడలినదని ఆయన చెప్పెను. అటుపై బానెటు తెఱచి, “ఇది డాల్ఫిను ఇంజను కాదమ్మా, మారుతిది” అనెను.

అప్పుడు మేము రిజిస్ట్రేషను పుస్తకము నడిగితిమి. అవ్వ పసుపు గుడ్డలో చుట్టినది తెచ్చినది. అది కర్ణాటకమున నమోదైనది. యజమాని స్థానమున నున్నది ఆమె భర్త పేరు కాదు, ఆయన కమ్మినవాని పేరు. పుస్తకములోని ఇంజను సంఖ్య బండిలోని సంఖ్యతో కలియలేదు. గడువు ఎన్నడో ముగిసినది. భీమా లేదు. కావున బాటపైకి తీసి నడపి చూచుటకు సైతము వీలులేక, తోటలోనే నాలుగు చుట్లు త్రిప్పితిమి. చక్కగా నడచినది. అదియే మా దుఃఖము.

ఇచ్చట కొంత చట్టము చెప్పక తప్పదు. స్వంత కారునకు నమోదు 15 ఏండ్లు చెల్లును, ఆపై పరీక్ష చేయించి 5 ఏండ్ల కొకమాఱు పొడిగించుకొనవలెను. 20 ఏండ్లు మించిన కారునకు ఈ పొడిగింపు రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసిరి. పొరుగు రాష్ట్రపు బండిని 12 మాసములకు మించి మన యొద్ద నుంచుకొన్నచో అచ్చటి యధికారి నిరభ్యంతర పత్రము తెచ్చి ఇచ్చటి సంఖ్యను పొందవలెను. తమిళనాడు, కర్ణాటకములు ఇరుప్రక్కల నున్న మన చిత్తూరు సీమలో ఈ చిక్కు తఱచు తగులును. తయారీదారు చేసిన రూపమును, ఇంజనును మనము తోచినట్లు మార్చుటకు మోటారు వాహన చట్టపు 52వ సెక్షను ఒప్పదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టును ఈ మాటనే గట్టిగా చెప్పినది. ఇంజను మార్చినచో అనుమతి పొంది పుస్తకములో వ్రాయించుకొని యుండవలెను.

ఇక దళారి వ్రాసిన ‘వింటేజి’ యను మాట. 2021 జూలైలో కేంద్రము చేసిన నియమముల ననుసరించి, మొదటి నమోదు నుండి 50 ఏండ్లు దాటి, పూర్వరూపము చెడక యున్న బండికే ఆ బిరుదు చెల్లును. నమోదునకు 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. ఐతే ఆ పేర నమోదైన బండిని నిత్యము బాటపై నడుపరాదు! ప్రదర్శనకు, వింటేజి ఊరేగింపునకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు మాత్రమే బయటికి తీయవచ్చును. కాగా వింటేజి యని చెప్పి నిత్యోపయోగమునకు అమ్మువాడు ఒక నోట రెండు మాటలు చెప్పుచున్నాడు. 1982 తరువాతి డాల్ఫినునకు ఆ వయస్సే రాలేదు.

ఈ సంగతులన్నియు ఆ యవ్వకు చెప్పుట యెట్లు? చెప్పక, ‘ఆలోచించి ఫోను చేసెద’మని వచ్చి యుండవచ్చును. మా వారు అట్లే చేయుదమని కన్ను గీటిరి. కాని మఱియొకరు వచ్చి యీ లోపములనే చూపి పదివేలకు తన్నుకొని పోవుదురని మాకు భయము కలిగెను. ఆమె ప్రక్కన కూర్చుండి పుస్తకము తెఱచి ఒక్కొక్క పంక్తియు చదివి చెప్పితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. “ఆయన పేరే లేదా దీంట్లో?” అని మాత్రము అడిగినది. ఇంజను సంగతియు, తుప్పు సంగతియు ఆమెను బాధింపలేదు, ఇది బాధించినది. తిరుగు దారిలో చంద్రగిరి కోట కనబడు దాక మా వారును నోరు మెదపలేదు.

తరువాత ఆమె మనుమడు బెంగళూరులో ఆ మొదటి యజమాని కుటుంబమును వెదకి సంతకములు తెచ్చెను. పాత కారుల నుద్ధరించుట వినోదముగా గల యొక పెద్దమనిషి, ఛాసీ స్థితి తెలిసియే, లక్షకు దానిని కొనెను. ఆయనకు ఆఫీసునకు పోవుటకు వేఱొక కారు గలదు. ఇది మా సోదరి గుర్తింపవలసిన సంగతి. మేము తొమ్మిదేండ్ల వయస్సు గల సామాన్యమైన మారుతి నొకదానిని కొంటిమి. అందు ముచ్చట యేమియు లేదు. అత్తగారు సులభముగ నెక్కి దిగుచున్నారు.

మదనపల్లె సోదరి తన పెనిమిటి చూచినది ఏ కారో వ్రాయలేదు. అంబాసిడరైనచో 2014 దాక తయారైనది కావున భాగములు దొరకును, చేయువారును గలరు. పద్మిని 2000 ప్రాంతమున నిలిచినది, దానికి వెదుకులాట కొంత హెచ్చు. హెరాల్డు, డాల్ఫిను వంటి వానికి ఒక్క రబ్బరు గొట్టమునకై నెల దినములు బండి నిలిచిపోవచ్చును, ఆ నెల పిల్లలు బడికి ఎట్లు పోవుదురో ముందే యోచింపవలెను. రబ్బరు మాట వచ్చినది గనుక మఱియొకటి: 2025 నాటికి మన పెట్రోలులో ఎథనాలు 20 పాళ్లకు చేఱినది. పాత కార్బురేటరులోని రబ్బరు భాగములు, గొట్టములు దానికి ఓర్వవు. కొన్న వెంటనే మార్పింపవలెను. బ్యాటరీ చింత మాత్రము అక్కఱలేదు, మన కరకంబాడి అమరరాజా వారి పుణ్యమా యని!

బ్రేకులు అన్నిటికంటె ముఖ్యము. పాత కారులకు డ్రమ్ము బ్రేకులే యుండును. దిగుడులో నదేపనిగా త్రొక్కినచో అవి వేడెక్కి పట్టు తప్పును. మదనపల్లె నుండి తిరుపతికి వచ్చు దారిలో భాకరాపేట ఘాటు గలదు, చిత్తూరు దారిలో మొగిలి ఘాటు గలదు. భీమా చెల్లుచున్న బండియైనచో, తెలిసిన డ్రైవరుతో పట్టపగలు మెల్లగా, తక్కువ గేరులో అట్టి దిగుడు దింపించి చూడవలెను. పిల్లలు ఆ పరీక్షనాడు ఇంటనే యుండవలెను. 1994కు ముందు తయారైన కారులో ముందు సీట్లకు సైతము బెల్టులు లేకుండవచ్చును. పిల్లలను ఎక్కింపకముందే వానిని అమర్పించుకొనవలెను. తిరుమలకు పోదమను ఆశ యున్నచో, 2025 ఆగస్టు 15 నుండి ఫాస్టాగు తప్పనిసరి యని తెలిసికొని, ఆ వయస్సు బండిని కొండ యెక్కనిత్తురా లేదా యని అలిపిరి తనిఖీ కేంద్రమున ముందుగ అడుగుట మంచిది.

సోదరీ, మీ వారిని కాదనవలదు. బండి రిజిస్ట్రేషను పుస్తకపు నకలు తెచ్చి యిమ్మని అడుగుము. ఛాసీ సంఖ్యపై కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రను పుస్తకముతో నీవే సరిచూడుము. పరివాహన్ వారి యాప్‌లో ఆ నంబరు కనబడుచున్నదా యనియు చూడుము. పాత బండి వివరములు కంప్యూటరున కెక్కక యుండిన, వానిని ఎక్కింపించు భారము అమ్మువానిదే యని ముందుగనే మాట పుచ్చుకొనుము. ఇవి తేలువఱకు గాజులు చేతికే యుండనిమ్ము. నకలులో మొదటి నమోదు తేదియు, యజమాని పేరు ఎవరిదను సంగతియు వ్రాసి పంపినచో, వచ్చే మాసము జవాబు వ్రాసెదము.