తెల్లవారేసరికి తేలే నిజం

శరత్కాలంలో ఐరోపా అడవులలో పుట్టగొడుగులు ఏరుకునేవారికి, పుచ్చిన మొద్దు మొదట్లో గుత్తులుగా లేచిన తేనెరంగు గొడుగులు కంటబడితే పండుగే. రష్యాలో, పోలెండులో వాటిని బాగా ఉడికించి తింటారు. శీతకాలానికి ఊరవేసి దాచుకుంటారు. శాస్త్రజ్ఞులు వాటిని ఆర్మిల్లేరియా అంటారు. జనం పెట్టిన పేరు తేనె పుట్టగొడుగు. ఆ తేనె రంగుకే పరిమితం. రుచిలో తీపి లేదు.

చిక్కేమిటంటే, అటువంటి పుచ్చుదుంగల మీదనే, ఆ ఋతువులోనే, గాలెరీనా మార్జినాటా అనే మరొక పుట్టగొడుగు మొలుస్తుంది. అదీ గోధుమవన్నెదే. దాని కాడకూ ఉంగరం వంటి పొర ఉంటుంది. అందులోని అమాటాక్సిన్లనే విషాలు ఎంత ఉడికించినా నశించవు. తిన్న వెంటనే ఏమీ తెలియదు. సాధారణంగా 6 గంటలో, 12 గంటలో, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువో గడిచాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అవి తగ్గి, గండం గడిచిందని ఇంటివారు ఊపిరి పీల్చుకునే వేళకు లోలోపల కాలేయం నాశనమవుతూ ఉంటుంది.

ఈ రెంటినీ విడదీసే పరీక్షకు సూక్ష్మదర్శిని అక్కరలేదు. కాడ కోసివేసి, గొడుగును రేకులవైపు కిందికి ఉండేటట్లు కాగితం మీద ఉంచి, పైన గిన్నె బోర్లించి, రాత్రంతా కదపకుండా వదలాలి. తెల్లవారేసరికి సిద్ధబీజాలు రాలి, రేకుల అచ్చు పడుతుంది. తేనె పుట్టగొడుగు అచ్చు తెలుపు, లేదా లేత మీగడరంగు, గాలెరీనాది తుప్పురంగు. తెల్లకాగితం మీద తెలుపు ఆనదు కనుక సగం నల్లకాగితం పరచడం మేలు. అడవి ఈ పరీక్షను కొన్నిసార్లు తానే చేసి చూపుతుంది: గుత్తిలో పైగొడుగుల నుంచి రాలిన బీజాలు కిందిగొడుగుల మీద పిండి చల్లినట్లు పేరుకొని ఉంటాయి. అయితే ఒక గొడుగుకు చేసిన పరీక్ష బుట్టకంతటికీ చెల్లదు. తెల్లని అచ్చు ఒక్కటే అభయమూ కాదు. ప్రాణాంతకమైన డెత్ క్యాప్ అచ్చు కూడా తెలుపే.

తినేవారి సంగతి ఇది. చెట్లను కాపాడేవారికి, కొద్దివారాలు మాత్రమే నిలిచే గొడుగుతో అంతగా పనిలేదు. వారు చచ్చిపోతున్న చెట్టు మొదట బెరడు ఒలిచి చూస్తారు. బెరడుకూ కలపకూ నడుమ విసనకర్రలా పరచుకొన్న తెల్లని పొర, బూట్ల లేసులను పోలిన నల్లని తాళ్ళు ఆర్మిల్లేరియా ఆనవాళ్ళు. ఆ తాళ్ళే మట్టిలో పాకి ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు తెగులు చేరవేస్తాయి.

అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో, మాల్యూర్ అడవిలో, ఈ తెగులు సోకిన చెట్ల నుంచి శిలీంధ్రాన్ని సేకరించి, రెండేసి నమూనాలను ఒకే గాజుపళ్ళెంలో పక్కపక్కన పెంచి చూశారు. రెండూ ఒకే జీవివైతే కలిసిపోతాయి. వేరువేరు జీవులవైతే నడుమ ఎల్ల గీసుకుంటాయి. 965 హెక్టార్ల మేర సేకరించినవి ఎల్ల లేకుండా కలిసిపోయాయి. అంతటా ఉన్నది ఒక్కటే జీవి అని 2003లో ప్రకటించారు. దాని వయస్సు 1,900 ఏండ్లకూ 8,650 ఏండ్లకూ నడుమ ఉంటుందని అంచనా.