విరిగిన బండ్ల వేడుక

బొమ్మబండి కొనియిచ్చిన దినముననే చక్రమూడదీసి లోపలి సంగతి చూడగోరు పిల్లలు ప్రతి యింటను గలరు. ఆ కుతూహలమునకు నేడు కంప్యూటరు ఆటలలో గొప్ప చోటు దొరకినది. బండ్లను గ్రుద్దించి నుగ్గుచేయుటయే వాని వినోదము.

వీనికి మూలము అమెరికాలోని డిమాలిషన్ డెర్బీ. పాత కార్లను మైదానమున దింపి యొండొంటిని గ్రుద్దింతురు. కడపటివరకు కదలగలిగినదే గెలిచినట్లు. 1995లో ఇంగ్లండునందలి రిఫ్లెక్షన్స్ సంస్థవారు ‘డిస్ట్రక్షన్ డెర్బీ’ యను పేర నీ పందెమును ప్లేస్టేషనుపైకి దెచ్చిరి. ఫిన్లండు దేశపు బగ్‌బేర్ వారు 2018లో వెలువరించిన ‘రెక్‌ఫెస్ట్’లో చక్రములు తగిలించిన సోఫాలు సైతము ఢీకొనును. చూచినచో మనకును నవ్వాగదు.

జర్మనీలోని బ్రెమెన్ నగరమున తయారగుచున్న ‘బీమ్‌ఎన్‌జి డ్రైవ్’ వీనిలో మిక్కిలి చమత్కారమైనది. ఇది 2013లో తొలుత ప్రజలకు లభించినది. ఇందలి బండి బరువుగల బిందువులతోను, వానిని గలుపు కమ్ములతోను అల్లబడినది. మన నులకమంచమును తలచుకొనుడు. ఒక మూల కూర్చుండిన నులకయంతయు సాగి సర్దుకొనును. బరువు మితిమీరిన తెగును. ఇదియు నట్లే. ఏ కమ్మిపై నెంత బలము పడినదో కంప్యూటరు సెకనుకు 2,000 మారులు లెక్కించును. మెల్లగా తగిలిన రేకు సొట్టపడును. వేగము హెచ్చిన ఇరుసు వంగి, చక్రమూడి, ఇంజను నిలిచిపోవును.

ఇట్టి యాటవలన పిల్లలు క్రూరులగుదురేమో యని కొందరు తల్లులు భయపడుదురు. ఈ యాటలో పగ లేదు, రక్తము లేదు. బండి మనుష్యులు లేక ఖాళీగా నడచును. ఒక్క మీట నొక్కిన క్రొత్తదియై నిలుచును. విరుచుట వేడుక యగుటకు ఈ రెండే కారణములు. అన్ని యాటలు నిట్టివి కావు. 2004లో వచ్చిన ‘ఫ్లాటౌట్’లోని కొన్ని పందెములలో నడుపువానిని అద్దము గుండ బయటకు విసరుటయే గెలుపు. కావున పేరు విని కాక, కన్నులార చూచి అనుమతింపుడు.

ఒకసారి పిల్లవాని ప్రక్కన కూర్చుండుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున నొకసారి, 80 కిలోమీటర్ల వేగమున నొకసారి అదే గోడను గ్రుద్దింపుమనుడు. వేగము రెండింతలైన దెబ్బలోని శక్తి నాలుగింతలగును. ఆ రెండు బండ్లను ప్రక్కప్రక్కన తలచుకొని, “నాయనా, ఆ సీటులో మనముండినచో?” అని యడుగుడు. నూరు మందలింపులు చేయలేని పనిని ఆ నలిగిన సీటు చేయును.

ఏలయన ఆటలో నేర్పరియైన బాలుడు రేపు తండ్రి మోటారుసైకిలు తాళమడుగును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, వయసు చాలని బిడ్డకు బండి నిచ్చి, వాడు నేరము చేసినచో, తల్లిదండ్రులకు 25,000 రూపాయల జుల్మానాయు, మూడేండ్లవరకు చెరయు విధింపవచ్చును. చట్టము మాట యట్లుండనిండు. వీధిలోని బండి ఖాళీగా నడువదు. దానిని క్రొత్తగా నిలుపు మీటయు లేదు. ఈ భేదమెరిగిన బిడ్డను ఆటలో ఎన్ని బండ్లనైనను విరుగగొట్టనిండు.