ఇంజను గదికి అలంకార మెందులకు?

స్పోర్ట్సు కార్ల యజమానులలో నేడొక వేడుక విశేషముగా వ్యాపించియున్నది. కారు పైరంగును మెఱయించుటతో వారు తృప్తి చెందరు. బానెట్టు నెత్తి, లోపలి ఇంజనును, దాని చుట్టు నుండు గొట్టములను, తీగలను, మరలను సైతము కడిగి తుడిచి మెఱుగు పెట్టుదురు. దీనికి డీటెయిలింగు అని పేరు. అంతటితో నాగక, కంపెనీవారు పెట్టిన భాగములను తీసివేసి, తమకు నచ్చిన వన్నెగల మూతలను, గొట్టములను తెప్పించి యమర్చుకొందురు. దీనిని కస్టమైజింగు అందురు. ప్రదర్శనములయందు బానెట్లు తెఱచి వరుసగా నిలిపిన కార్లచుట్టు జనులు మూగుదురు, న్యాయనిర్ణేతలు మార్కులు వేయుదురు, బహుమతులును గలవు.

ఎవరి కంటను పడని చోట నింత సొమ్మును, ఇంత కాలమును పోయుట వెఱ్ఱియని పెద్దలు కొందఱు పెదవి విఱచుచుందురు. వారితో మేము ఏకీభవింపజాలము. కాని బానెట్టు క్రింద మెఱసినదెల్ల మెచ్చదగినదే యను యువకుల మాటకును మేము తల యూపము. ఇంజను గదిలోని యందము, అక్కడి యంత్రమును మనము చదువుకొనుటకు తోడ్పడినంతవఱకు శ్లాఘనీయమే. యంత్రమును దాచుటకు పూనుకొన్ననాడు అది నిష్ప్రయోజనము మాత్రమే కాదు, అపాయకరము కూడను.

ఈ విషయములో ఇంగ్లండు దేశపు జాగ్వార్ కంపెనీ స్థాపకులలో నొకడగు విలియం లయన్స్ త్రొక్కిన మార్గము మాకు మిక్కిలి నచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కోవెంట్రీ నగరముపై బాంబులు పడుచున్నందున, కార్ఖానాకు నిప్పంటుకొనకుండ రాత్రులందు కాపలా కాయవలసివచ్చెడిది. ఆ కాపలా రాత్రులయందే లయన్స్, విలియం హేన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ కూర్చుండి, యుద్ధము ముగిసిన పిదప చేయదగిన క్రొత్త ఇంజనును గూర్చి చర్చించుకొనిరి. ఇంజనునకు బలమున్న చాలదనియు, చూచువారికి సొంపుగా కూడ నుండవలెననియు లయన్స్ పట్టుబట్టెను. 1948లో లండను ప్రదర్శనమున ఎక్స్‌కె120 అను కారులో ఆ ఇంజను వెలువడెను. ఆఱు సిలిండర్లు, 3,442 ఘనపు సెంటీమీటర్ల పరిమాణము, తలపై రెండు క్యామ్‌షాఫ్టులు. ఆ షాఫ్టులను కప్పు అల్యూమినియపు మూతలు రెండును, తోమి బోర్లించిన వెండి పాత్రలవలె తళతళలాడుచుండెను. 1961లో జెనీవాయందు ఈ-టైపు కారు ప్రకటింపబడినప్పుడు, దాని ముందుభాగమంతయు ఒక్క మూతగా చేయబడి ముందునకు వంగెడిది. ఆ మూత వంగినంతనే లోపలి ఇంజను సర్వము కంటియెదుట నిలుచును. ఇట్టి ఇంజనులు చిన్న పెద్ద పరిమాణములతో 1992వ సంవత్సరము వఱకును తయారగుచుండెను.

ఈ యందములో అతికించిన వస్తు వొక్కటియు లేదని మా విద్యార్థులు గమనింతురుగాక. మెఱయుచున్న మూత నిజముగా లోపలి నూనెను బయటికి పోనీయని మూతయే. పొగ గొట్టములు ఇంజనును కలియుచోట, అనగా ఎగ్జాస్టు మానిఫోల్డులపై, మన యిండ్లలోని ఎనామెలు గిన్నెలకు వేయు పూతవంటి నల్లని పూత గలదు. అది ఇనుమును త్రుప్పునుండి కాపాడును. ఒక ప్రక్కను మూడు కార్బురేటర్లు; అవి గాలిని, పెట్రోలును కలిపి లోపలికి పంపును. రెండు మూతల నడుమ లోయవంటి చోట స్పార్కు ప్లగ్గులు. ఆవలి ప్రక్కను మాడిన వాయువులు వెడలు దారి. పుస్తకములో పటము చూచిన హైస్కూలు పిల్లవాడు ఈ-టైపు నెదుట నిలిచినచో, గాలి యెచట ప్రవేశించి యెచట వెడలుచున్నదో వ్రేలితో చూపగలడు. అందమును, అర్థమును ఇచట వేఱు చేయుట సాధ్యము కాదు.

ఇక శుభ్రపఱచుటను గూర్చి. ఇది తక్కువ ఖర్చుతో నగునది, ఎక్కువ నేర్పించునది. ఇంజను వేడిగా నున్నప్పుడు నీరు తగులనీయరాదు, పూర్తిగా చల్లాఱవలెను. బ్యాటరీ తీగలలో ఋణధ్రువపు తీగను ముందుగా విప్పవలెను. గాలి పీల్చు ద్వారమును, ఆల్టర్నేటరును, ఫ్యూజుల పెట్టెను, విడిగా గనబడు విద్యుత్ సంధులను ప్లాస్టికు సంచులతో కప్పవలెను. జిడ్డును కరగించు మందును నీటితో పలుచన చేసి, మెత్తని కుంచెతో మూలమూలలను రుద్ది, సన్నని ధారతో కడుగవలెను. సర్వీసు స్టేషనులలోని బలమైన నీటి తుపాకిని ఇచటికి రానీయరాదు. అది రబ్బరు బిగింపులను దాటి, నీరు చేరకూడని చోటులకు నీటిని చేర్చును. ముందు చెప్పిన ప్లగ్గుల లోయవంటి చోటులు నీరు నిలుచుటకు మిక్కిలి అనువైనవి. క్షారము హెచ్చుగా నుండు మందులు అల్యూమినియమును నల్లబఱచును. కడిగిన పిదప గాలి కొట్టి తడి యార్చి, రబ్బరు గొట్టములకు మాత్రము నీటితో చేసిన మెఱుగు మందును పలుచగా పూయవలెను. బెల్టులకు పూయరాదు, పూసిన అవి జాఱును. సిలికోను కలిసిన స్ప్రేలను గాలి ద్వారము వైపు కొట్టుటయు మంచిది కాదు. ఇంజను పీల్చిన సిలికోను, పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరును చెఱచును.

ఇంత శ్రమ యెందులకని యడుగువారికి మా సమాధాన మిది. జిడ్డు పేరుకొన్న ఇంజనులో నూనె కాఱుచున్నను తెలియదు. శుభ్రమైన ఇంజనులో ఒక్క నూనె బొట్టు దిగినను ఆ సాయంకాలమే కనబడును. పగిలిన గొట్టము, వదులైన పట్టీ, ఎలుక కొఱికిన తీగ, రేడియేటరు నీరు ఆవిరియై మిగిల్చిన తెల్లని చాఱ—ఇవన్నియు కుంచె పట్టుకొని గంటసేపు వంగి పనిచేసినవానికి తమంత తామే తెలియవచ్చును. కాగితము తెల్లగా నున్నచో లెక్కలోని తప్పు వెంటనే తెలియునని బోధకులమగు మాకు ఎవరును చెప్పనక్కఱలేదు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పద్ధతి యొకటి గలదు. తప్పు లెక్కపై రంగు కాగితము నంటించి, దానిపై ముగ్గు వేసి తెచ్చు పిల్లవానిని మనము మెచ్చుకొందుమా? నేటి కార్లలో పెక్కింటికి ఇంజను మీద విశాలమైన ప్లాస్టికు మూత పెట్టుచున్నారు. అది చప్పుడును కొంత తగ్గించుననుట నిజమే. కాని దాని ముఖ్యమైన పని దాచుట. కారు కొని పదేండ్లయినను, ఆ మూత క్రింద నేమున్నదో యెఱుగని యజమానులు గలరు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇచట నతుకును.

కంపెనీవారు దాచినది చాలదని యువకులు మఱికొంత దాచుచున్నారు. అమెరికాలో హోండా కార్ల యజమానులలో ప్రబలిన యొక పద్ధతి యున్నది. ఇంజను గదిలోని తీగల నన్నిటిని కంటికి గనబడకుండ మళ్లించి, అక్కఱలేదనుకొన్న రంధ్రములను పూడ్చి, గోడలను అద్దమువలె నున్నగా చేసి రంగు వేయుదురు. నిజము చెప్పవలెనన్న, ఛాయాపటములో అది ఎంతయు మనోహరముగా నుండును. కాని ఆ తీగలు పోయిన దెచటికి? తఱచుగా చక్రముపై నుండు రేకు లోపలికి. అచట టైరు తిరుగును, బురద చిందును, గులకఱాళ్లు కొట్టును. తీగపై తొడుగు రాచుకొని యరిగి, లోపలి రాగి రేకునకు తగిలిన క్షణమున నేమి జరుగునో, విద్యుత్తు పాఠము చదివిన ప్రతి పిల్లవాడు చెప్పగలడు. గొట్టముల మార్గమును చూపుటకు కంపెనీవా రంటించిన పటపు చీటీలు కూడ రంగుతోపాటు గీకివేయబడుచున్నవి. తరువాత ఆ కారు కొన్నవాడు, దానిని బాగుచేయ వచ్చినవాడు దేనిని చూచి పని సాగింపవలెను?

వేడి సంగతి ఇంతకంటె ముఖ్యము. ఎగ్జాస్టు మానిఫోల్డులు కొన్ని వందల డిగ్రీల వఱకు కాగును. అచట వాడు ప్రతి పూతయు, ప్రతి జిగురును ఆ వేడికి సమాధానము చెప్పవలసినదే. ఇటలీ దేశపు ఫెరారీ కంపెనీవంటి నిపుణులకే ఈ చిక్కు తప్పలేదు. వారి 458 ఇటాలియా కార్లు కొన్ని 2010లో మంటల పాలైనవి. వెనుక చక్రపు గూటిలోని వేడి నాపు రేకును జిగురుతో నంటించుటయు, ఆ జిగురు వేడికి తాళలేకపోవుటయు కారణమని తేలెను. కంపెనీవారు 1,248 కార్లను వెనుకకు పిలిపించి, జిగురునకు మాఱుగా యాంత్రికమైన బిగింపులను అమర్చిరి. అట్లుండగా, అంగడిలో కొన్న బంగారు వన్నె రేకును, తీగలపై తొడుగు రంగు గొట్టములను తెలియనిచోట నంటించువారి ధైర్యమునకు మాకు ఆశ్చర్యము కలుగుచున్నది.

బంగారమనిన జ్ఞప్తికి వచ్చినది. 1992లో ప్రకటింపబడిన మెక్లారెన్ ఎఫ్1 కారు ఇంజను గదికి నిజమైన బంగారు రేకునే తాపిరి. అది ఆడంబరము కాదు. బంగారము వేడి కిరణములను త్రిప్పికొట్టుటలో మిక్కిలి సమర్థము. ఆ కారు దేహము కార్బను నారతో చేసినది గనుక వేడినుండి కాపాడవలసివచ్చెను. దానిని చూచి, కారణ మెఱుగక పసుపు రేకు నంటించువారు గలరు. ఏమనవలెను?

ఇట్టిదే మఱియొక భ్రమ. గాలి వడపోత పెట్టెను తీసివేసి, శంఖాకారపు మెఱుగు వడపోతను ఇంజను ప్రక్కనే బయటగా పెట్టుట. చప్పుడు గంభీరముగా మాఱును. బలము పెరిగినట్లు తోచును. కాని మునుపు 35 డిగ్రీల బయటి గాలిని పీల్చిన ఇంజను, ఇప్పుడు 65 డిగ్రీల లోపలి గాలిని పీల్చెననుకొందము. వాయువుల సూత్రము ననుసరించి లెక్కించిన, గాలి సాంద్రత నూటికి తొమ్మిది వంతుల దాక తగ్గును. ఆ మేరకు ఇంజనుకు ప్రాణవాయువు తక్కువే. సిలికోను గొట్టములు నీటికి మంచివే గాని, సాధారణ రకమును పెట్రోలునకు వాడరాదు. ఉక్కు అల్లిక గొట్టములు చూపునకు సొంపైనవి; కాని కట్టు లేక వదలినచో, కదలిక వలన ప్రక్కనున్న దానిని ఱంపమువలె కోయును.

మన దేశములో చట్టము సంగతి కూడ నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, కంపెనీవారు నిర్ణయించిన ముఖ్య లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఆ నియమమునే గట్టిగా నిలిపెను. కుంచె పట్టి కడుగుటకు ఏ చట్టమును అడ్డురాదు.

అమెరికాలో 1974లో స్థాపింపబడిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ యను సంఘమువారి పరీక్షా విధానము మాకు సరసముగా తోచినది. వారు మెఱుగును వెదకరు. కారు కార్ఖానా వెడలిననాడు ఎట్లుండెనో అట్లున్నదా యని వెదకుదురు. పాత షెవ్రొలే ఇంజనులకు నారింజ రంగు చిమ్మునప్పుడు, అది ఎగ్జాస్టు మానిఫోల్డులపైకి కూడ చిందెడిది. బండి కొలది దినములు తిరుగగానే ఆ వేడికి కాలి రాలిపోయెడిది. ఆ చిందును సైతము ఉన్నదున్నట్లుగా తిరిగి చిత్రించువారు గలరు. కొందఱకిది చాదస్తము. మాకు మాత్రము, పనివాని చేతి జాడను చెఱపకుండ నుంచుటలో మర్యాద గనబడుచున్నది.

మా విద్యార్థులలో కొందఱు చదువు ముగించి మోటారు షెడ్లలో పని నేర్చుకొనుచున్నారు. వారి తలిదండ్రులు చేతి జిడ్డును చూచి చిన్నబోవలదని మా మనవి. స్పోర్ట్సు కార్ల ప్రదర్శనములు నడుపువారికి కూడ ఒక సూచన చేయదలచితిమి. మెఱుగునకు మార్కులు వేయుటకు ముందు, ఆ కారు నెన్నడును చూడని యొక మెకానిక్కును పిలిచి, చేతికొక టార్చిలైటు నిచ్చి, దీపములార్పి, ఐదు నిమిషములు గడువు పెట్టవలెను. నూనె కొలుచు పుల్ల, ఫ్యూజుల పెట్టె, బ్యాటరీ తీగ, పెట్రోలు గొట్టము, రేడియేటరు మూత—ఈ యైదింటిని అతడు చేత్తో ముట్టి చూపవలెను. చూపలేకపోయిన, తప్పు మెకానిక్కుది కాదని ముందుగానే ప్రకటింపవలెను.