పూటకూటి చారు

మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే హనుమకొండలో మా వీధి చివర ఉన్న మెస్సు నుండి తిరగమోత వాసన వస్తుంది. నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు. అన్నం, పప్పు, ఒక కూర, పచ్చడి, చారు, మజ్జిగ. వానాకాలంలో మిరియాల చారు. ఎండలు ముదిరితే దాని స్థానంలో పచ్చిపులుసు: పొయ్యి ఎక్కని చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, కాస్త జీలకర్ర. అంతకు మించి అక్కడ ఏమీ దొరకదు. నా వంటి ఒంటరివాళ్ళకు అంతకు మించి అవసరమూ లేదు.

ఈ ఊరికి పూటకూళ్ళు కొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును ఒక పగలంతా తిప్పి చూపే 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి పూటకూటి ఇంటి భోజనం ముచ్చట వినిపిస్తారు. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, పిండివంటలు, నెయ్యి, పెరుగు! ఆ కావ్యం శ్రీనాథుడిదా, వినుకొండ వల్లభరాయడిదా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. భోజనం బాగుందన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

రెండేళ్ళ క్రితం జ్వరం నుండి తేరుకుని ఆ మెస్సుకు వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె నా ముఖం చూసి, "జరమొచ్చినట్టుంది గద సారూ, ఇయ్యాల కూర వద్దు, చారు పోస్త" అన్నది. మెత్తగా పిసికిన అన్నంలో వేడి చారు పోసింది. రెండవసారీ పోసింది. నేను అడగలేదు.

ఆకలి తీర్చే ఏర్పాట్లు ఇప్పుడు లేకపోలేదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2014లో ఐదు రూపాయల భోజనం ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై 2019లో మూతపడిన అన్న క్యాంటీన్లు 2024లో మళ్ళీ తెరుచుకున్నాయి. అవి ఎంతో అవసరమైనవి. ఇక తీరిక లేనివారికి ఫోనులో నొక్కితే గుమ్మం దగ్గరకే అన్నం వస్తుంది. కాని డబ్బాలో వచ్చిన అన్నానికి మారు వడ్డన ఉండదు. తినేవాడి ముఖం చూసేవారూ ఉండరు. భోజనంలో సగం ఆ చూపులోనే ఉన్నదని నా నమ్మకం.

ఇంతవరకు రాసి ఆపితే అది అబద్ధమవుతుంది. నిరుడు ఆమె భోజనానికి పది రూపాయలు పెంచినప్పుడు మేమంతా సణిగాము. నేనూ సణిగాను. ఆ వారమే అంతకు రెండింతలు పెట్టి కాఫీ తాగిన సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు. "ఇంటి భోజనం" అని పొగుడుతూ, ఇంట్లో అమ్మ చాకిరికి వెల కట్టనట్టే ఇక్కడా కట్టకుండా తప్పించుకుంటున్నామన్నమాట. ఆప్యాయతను ఉచితంగా కలిపి ఇమ్మని బేరమాడుతున్నాము.

మొన్న బిల్లు ఇస్తూ అడిగాను, మీ తరువాత దీనిని ఎవరు నడుపుతారని. గంటె పక్కన పెట్టి, "నా బిడ్డ ఈ పొయ్యి కాడికి రావద్దు సారూ. సదువుకుంటున్నది" అన్నది. ఆ మాటలో బాధ లేదు, గర్వమే ఉన్నది. నాకు మాత్రం గొంతులో ముద్ద అడ్డుపడినట్టయింది. ఆ పిల్ల చదువుకోవాలి, ఇక్కడికి రాకూడదు. అయితే రేపు జ్వరం తగిలి వచ్చినవాడికి చారు ఎవరు పోస్తారు?

నా అభిప్రాయం ఒక్కటే. ఇటువంటి మెస్సులు పోతున్నాయని వగచే హక్కు, ధర పెరిగినప్పుడు సణగకుండా ఇచ్చినవారికే ఉంటుంది. పొయ్యి దగ్గరి పనికి గౌరవమూ, గిట్టుబాటూ ఉంటే ఏదో ఒక బిడ్డ తన ఇష్టంతోనే గంటె పట్టుకుంటుంది. కొడుకైనా పట్టుకోవచ్చు, తప్పేమున్నది?

ఈ నెల నుండి నేను చిల్లర వెనక్కి తీసుకోవడం మానేశాను. ఆమె మొదటి రోజు తిరిగి ఇవ్వబోయింది. రెండవ రోజు ఏమీ అనకుండా ఇంకొక గంటె చారు పోసింది. లెక్క మళ్ళీ నా వైపే తేలింది.