సంఘము టెలిఫోనుకు కాపలా యెవరు?

గోదాము తాళపుచెవి యెవరి యొద్ద నున్నదని అడిగినచో ఏ సహకార సంఘములోనైనను తక్షణమే జవాబు వచ్చును. సంఘము టెలిఫోను పెట్టె యొక్క రహస్యసంఖ్య యెవరి యొద్ద నున్నదని అడిగినచో కార్యదర్శి గుమాస్తా వంక చూచును. గుమాస్తా "పెట్టె బిగించిన కుఱ్ఱవానికి తెలియునండి" అనును. ఇది తగదని మా దృఢమైన అభిప్రాయము.

వనస్థలిపురము రైతుబజారుకు కూరలు తెచ్చు రైతునకు ధర కనుగొనుటకైనను, ఎరువు వచ్చెనో లేదో తెలిసికొనుటకైనను టెలిఫోనే ఆధారము. పెద్ద సంఘముల కార్యాలయములలోను, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములందలి వ్యాపార స్థలములలోను ఒక లైనును పలుగదులకు పంచి యిచ్చు ఎక్స్ఛేంజి పెట్టె యుండుట కలదు. అట్టి పెట్టెలు కొన్నింటిలో ఒక సదుపాయము గలదు. యజమాని బయటనుండి ఫోను చేసి, రహస్యసంఖ్య నొక్కి, కార్యాలయపు లైను మీదుగా మఱియొక ఊరికి మాట్లాడవచ్చును. కర్మాగారమువారు పెట్టిన 0000, 1234 వంటి సంఖ్యను మార్చకున్నచో ఆ సదుపాయము యజమానికంటె దొంగకే ఎక్కువగా పనికివచ్చును. ఇంటర్నెట్టుతో నడచు పెట్టెలైనచో దొంగ యే దేశమున నున్నను తలుపు తట్టగలడు.

లోపలికి వచ్చినవాడు మాటలాడుటకు రాడు. కొన్ని విదేశపు సంఖ్యలకు ఫోను చేసినచో నిమిషమునకు హెచ్చు రుసుము పడును. అందు కొంతభాగము ఆ సంఖ్యను అద్దెకు తీసికొన్నవానికి ముట్టును. దొంగ ముందుగా అట్టి సంఖ్యను సంపాదించి, శనివారము రాత్రియో, సంక్రాంతి సెలవులలోనో, కార్యాలయము మూసియున్నపుడు మన లైను నుండి దానికి ఎడతెగక ఫోనులు చేయించును. కంపెనీవారు "మీ లైను నుండియే పోయినవి" అందురు. సాధారణముగా ఆ భారము చందాదారునిపైననే పడును. సంఘమునకు చందాదారుడనగా సభ్యులందఱును గదా!

"మేము చిన్నవారము, మా యొద్ద దొంగ కేమి దొరకును?" అని కొందఱు నవ్వుదురు. ఈ పని చేయునది మనిషి కాదు, యంత్రము. అది సంఖ్యలను వరుసగా తట్టిచూచుచు పోవును. మిడుత చేను పెద్దదా చిన్నదా యని విచారించునా?

పూర్వము ప్రతి ఫోనుకును రుసుము పడుచుండుటచేత బిల్లును వ్రేలుపెట్టి చదివెడివారము. స్వదేశపు ఫోనులకు నెలవారీ చందా తప్ప విడిగా రుసుము లేని పద్ధతులు వచ్చిన పిమ్మట ఆ అలవాటు పోయినది. మా దృష్టిలో దొంగకు దీనికంటె పెద్ద సహాయము లేదు.

సభ్యుని సొంత ఫోను సంగతి వేఱు కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ముల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుండి వేలిముద్రలు దించి, రబ్బరు ముద్రలుగా చేసి, వేలకొలది సిమ్ములను ఇతరుల పేర నడిపించెనని పోలీసులు వెల్లడించిరి. పొలము కొన్నపుడు వేసిన బొటనవ్రేలి ముద్ర యెక్కడికి పోయినదో చూడుడు! హైదరాబాదులో పోలీసులు పట్టుకొన్న దొంగ ఎక్స్ఛేంజీలలో ఇట్టి సిమ్ములే పనికివచ్చును. విదేశము నుండి ఇంటర్నెట్టు మీద వచ్చిన ఫోను, సిమ్ములు గుత్తిగా పెట్టిన పెట్టెలో దూరి, మన ఊరి సంఖ్యతో బయటపడును. కావున సంఖ్య మనదైనంతమాత్రమున మనిషి మనవాడని నమ్మరాదు. "సంఘమునుండి మాటలాడుచున్నాము, పి.ఎం.కిసాన్ సొమ్ము పడవలెనన్న ఓ.టి.పి. చెప్పుడు" అనువానికి ఏమియు చెప్పక ఫోను పెట్టివేయవలెను. సంఘము ఫోనులో ఓ.టి.పి. అడుగదని నోటీసుబల్లపై పెద్ద అక్షరములతో వ్రాయుట పాలకవర్గము విధి. తన పేర నెన్ని సిమ్ములున్నవో 2023లో కేంద్రప్రభుత్వము తెఱచిన సంచార్ సాథీలో చూచుకొనవచ్చును. సొమ్ము పోయినచో ఆలసింపక 1930కి ఫోను చేయవలెను; తొందరగా తెలిపినకొలది సొమ్ము నిలుపుదలకు అవకాశము హెచ్చు.

ఇక సంఘము ఫోను. విదేశములకు మాటలాడు పని లేని సంఘము ఐ.ఎస్.డి. మూసివేయుమని కంపెనీకి వ్రాతమూలకముగ కోరవలెను. బయటనుండి లైను వాడు సదుపాయమును తీసివేయించవలెను. పెట్టె బిగించినవాడు వెళ్లిన దినముననే, తరువాత గుమాస్తా మాఱినప్పుడెల్ల, సంఖ్య మార్చవలెను. ఇట్లు చేసినచో కార్యదర్శిని నమ్మనట్లు కాదా యని కొందఱు నొచ్చుకొందురు. ఏటేట లెక్కలు ఆడిట్ చేయించుచున్నాము. దానివలన యే కార్యదర్శికి పరువు తగ్గినది?

వచ్చు పాలకవర్గ సమావేశమున టెలిఫోను బిల్లును, ఏ గదినుండి యేయే ఫోనులు పోయెనో తెలుపు పట్టీని బల్లపై పెట్టి బిగ్గరగా చదువుడు. క్రొత్త సంఖ్యను కవరులో నుంచి, అధ్యక్షుని సంతకముతో అంటించి, ఇనుపపెట్టెలో దస్తావేజుల ప్రక్కన పెట్టుడు.